ఒక చెంపనే పలికే గంట

మొన్న దోహాలో, మదీనత్ ఖలీఫాలోని అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటే, అమ్మ పారేయడానికి పక్కన పెట్టిన అట్టపెట్టెలో ఒక స్టీలు కంచం కనిపించింది. దాని అంచు ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. పులుసు పోసుకుంటే ఆ సొట్ట దగ్గరి నుంచి ఒళ్ళోకి కారుతుంది. "ఇంకా దాన్నేం చేసుకుంటావే, పారెయ్," అంది అమ్మ. నేను దాన్ని బట్టల మధ్య పెట్టి సూట్‌కేసులో సర్దుకున్నాను. ఆ సొట్ట మా నానమ్మ మార్తమ్మ గరిటెతో పెట్టింది. రాజుల వంశాలకి శాసనాలుంటాయి, మా వంశానికి సొట్ట ఉంది. ముప్పై నిండని మనిషి జ్ఞాపకాలు రాయడం ఏమిటని అడిగేవాళ్ళకి నాది ఒకటే సమాధానం: దోహాలో నేను ముసలిదాన్నయ్యేదాకా ఏదీ ఆగదు. మా వీధి మలుపులో మేం సోడాలు కొనుక్కున్న కొట్టు ఇప్పుడు కళ్ళద్దాల దుకాణం. మేం సైకిళ్ళు తొక్కిన ఖాళీ స్థలంలో ఫ్లైఓవరు కాలు మోపింది. జ్ఞాపకాలు రాసుకునే వయసు ఊరిని బట్టి ఉంటుంది.

నానమ్మ మా దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చింది ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్విపోసిన రోజుల్లో. పొద్దున బడికి వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. బస్సు డ్రైవరు కొలంబసులా కొత్త దారులు కనిపెడుతుంటే మేం హోంవర్కు బస్సులోనే పూర్తి చేసేవాళ్ళం. నాన్న ఒక స్టేడియం కట్టే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఎవరైనా గొప్పగా "స్టేడియం మీ నాన్నే గీశాడటగా" అంటే నేను నిజం చెప్పేసేదాన్ని. ఆయన గీసింది మరుగుదొడ్ల గొట్టాలు. గోలు కొట్టినప్పుడు ఆయన ఎవరికీ గుర్తురాడు గాని, విరామంలో జనానికి ఆయనే దిక్కు.

ఆ మూడు గదుల వాటాలోకి నానమ్మ గోదావరిని వెంటబెట్టుకుని దిగింది. ఎండు రొయ్యలు వేపితే ఆ వాసన ఏసీ గొట్టాల్లోంచి పక్క వాటాలోని ఈజిప్టు వాళ్ళింటికి వెళ్ళేది, వాళ్ళ వెల్లుల్లి వాసన మా ఇంటికొచ్చేది. అలా మాటల్లేకుండానే రెండు ఇళ్ళకీ స్నేహం కుదిరింది. నానమ్మకి కింద పడ్డ బియ్యం గింజ కనిపిస్తే కాలు ఆగిపోయేది. నడుం వంచి తీసి, చీర కొంగుకి తుడిచి, డబ్బాలో వేసేదాకా ఆమెతో మాట్లాడి లాభం లేదు. సూపర్ మార్కెట్లో బాస్మతి బస్తా చిరిగి గింజలు కారుతుంటే అక్కడ కూడా కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. సెక్యూరిటీ అతను కంగారుపడి మేనేజర్ని పిలిచాడు. "పరిగె ఏరిన చెయ్యే ఇది, ఊరుకోదు," అంది నాతో. కోతలయ్యాక పొలంలో రాలిపోయిన వెన్నులే పరిగె. ఆసామి మోపులు ఎత్తుకెళ్ళాక కూలివాళ్ళూ దిక్కులేని వాళ్ళూ వెళ్ళి వాటిని ఏరుకునేవాళ్ళు. ఆమె చిన్నతనంలో ఆ వెన్నులతోనే కొన్ని నెలలు పొయ్యి వెలిగేది.

భోజనానికి పిలవడం కూడా ఆమె పద్ధతిలోనే. కంచాన్ని ఎడమచేత్తో పట్టుకుని, గరిటెతో ఎప్పుడూ ఒకే పక్క, నిదానంగా కొట్టేది. అది మొదటి గంట. దానికి ఆమే, నాన్న, అమ్మ కూర్చునేవాళ్ళు. కాసేపాగి గబగబా కొడితే రెండో గంట. అది నాకూ తమ్ముడికీ. మొదటి గంటకే వెళ్ళి కూర్చుంటే గరిటె మన వేళ్ళ మీద పలికేది. "కాళ్ళున్నోళ్ళు ఆగాలే. లేనోళ్ళు ముందు," అనేది. మాకు చేప తల ఎప్పుడూ దక్కలేదు. న్యాయం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది, రుచి మాత్రం తెలియలేదు.

మా ఆదివారం శుక్రవారం వచ్చేది. సెలవు ఆ రోజే కాబట్టి దేవుడు కూడా డ్యూటీ సర్దుకున్నాడు. ఊరి చివర చర్చిలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. హాలులో మా తెలుగు ప్రార్థన ముగిసే సమయానికి తలుపు దగ్గర మలయాళం వాళ్ళు వాచీలు చూసుకుంటూ నిలబడేవాళ్ళు. ఇక్కడి చర్చిలకి పైన గంటలుండవు. నానమ్మకి అది మింగుడుపడలేదు.

"గంట లేకపోతే మనం వచ్చామని దేవుడికి ఎలా తెలుస్తుందే కెజియా?"

"గేటు దగ్గర బ్యాగులు చూసి పంపుతున్నారుగా నానమ్మా, తెలిసిపోతుంది."

అలాంటి గంటల్లేని చోట ఒక శుక్రవారం గంట గురించి గొడవ మొదలైంది. ఆనందరావు గారని, మా సంఘానికి పెద్ద. ఆయనదీ మా ఊరే. ఒక కంపెనీలో సేఫ్టీ మేనేజరు కాబట్టి ప్రార్థన కూడా హెల్మెట్ పెట్టుకున్నట్టు జాగ్రత్తగా చేసేవాడు. ఊళ్ళో పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టిస్తున్నానని ఆయన ప్రకటించాడు. చుట్టూ స్టేడియాలు లేస్తుంటే ఎవరికైనా ఏదో ఒకటి కట్టాలనిపిస్తుంది. అక్కడిదాకా బాగానే ఉంది. "పాత గంట పగిలిపోయి ఎన్నో ఏళ్ళయింది. కంచు కాబట్టి పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తున్నాం. కొత్త గంట కింద రాయి వేయించి, ఆ రోజుల్లో రాజమండ్రి నుంచి మొదటి గంట కొని తెచ్చిన మా తాతగారి పేరు చెక్కిస్తాం," అన్నాడు.

నానమ్మ లేచి నిలబడింది. హాలులో ప్రార్థన మధ్య లేచేవాళ్ళు సాధారణంగా బాత్రూముకి వెళ్తారు. ఆమె వెళ్ళలేదు.

"ఆ గంట మీ తాత కొన్నది కాదు బాబూ. పాదిరిగారు ఓడ మీద తెప్పించింది. కొట్టింది మా నానమ్మ చిట్టెమ్మ. పరిగె గంట అది. దాన్ని అమ్మకండి."

ఎవరో వెనక నవ్వారు. ఆనందరావు గారు చాలా మర్యాదగా నవ్వాడు, అది ఇంకా ఘోరం. "మార్తమ్మ గారూ, చర్చి గంట ఆడమనిషి, అందులోనూ పరిగె ఏరుకునే మనిషి కొట్టిందంటే... మా అమ్మనే అడిగానండి. గంట కొన్నది మా తాతేనని ఆవిడే చెప్పింది." నాన్న నానమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం కంచం మోగలేదు. ఎప్పుడు తినాలో తెలియక మేం నలుగురం వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. ఆమెకి కావలసింది పెద్ద కోరికేమీ కాదు. గంట కరిగిపోకూడదు, దాని కింద చిట్టెమ్మ పేరుండాలి. ఆ పేరు ఇంకెక్కడా లేదు. సమాధి కాలవ వరదలో పోయింది, ఫోటో అన్నది ఆమె జన్మలో దిగలేదు.

ఈ కథలోకి హ్యారీ వచ్చింది కోడి పలావు కోసం. నాన్న ఆఫీసులో సర్వేయరు. ఇంగ్లండులో ఎక్కడో పొలాల మధ్య చిన్న ఊరు ఆయనది. నెలకో శుక్రవారం మా ఇంట్లో తినేవాడు. తిన్నాక కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ "కారం అస్సలు లేదు" అనేవాడు. ఆయనకి ఒక పిచ్చి ఉండేది. సెలవులకి అందరూ సముద్రానికో కొండలకో వెళ్తే, ఈయన తన ఊరి చర్చి చుట్టూ ఉన్న సమాధుల దగ్గరికి వెళ్ళేవాడు. నాచు పట్టిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి పేర్లు చదవడం, పొలాల పాత పేర్లు అడిగి తెలుసుకోవడం, ముసలమ్మల దగ్గర కూర్చుని టీలు తాగడం. అలా తన వంశాన్నీ ఊరినీ ఎన్నో తరాల వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళాడు. దోహా అంతా ముందుకి తవ్వుతుంటే ఈయనొక్కడూ వెనక్కి తవ్వేవాడు.

నాకు బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. నా వృక్షం మొక్క దగ్గరే ఆగిపోయింది. భోజనానికి ముందు హ్యారీని సలహా అడిగితే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది. "ముసలివాళ్ళని ఎవరు, ఎవరి కొడుకు అని అడగకు. పేర్ల దగ్గర అందరూ గొప్పలు చెప్తారు. ఏం పని చేసేవాళ్ళు, ఎలా చేసేవాళ్ళు అని అడుగు. పని దగ్గర అబద్ధం ఆడటం కష్టం."

అప్పుడే నానమ్మ కంచం మోగింది. అలిగినా అతిథి అతిథే. నిదానంగా, ఒకే పక్క. హ్యారీ లేవబోతే ఆపాను. ఆయన జుట్టు నెరిసినా నానమ్మ లెక్కలో ఆయన ముసలివాడో కాదో తేలలేదు. చివరికి ఆమే పిలిచి వడ్డించాక, తింటూ ఇదేం పద్ధతని అడిగాడు. చిట్టెమ్మ పద్ధతి అంది నానమ్మ. నేను తర్జుమా మొదలుపెట్టాను. నా తర్జుమాలో నానమ్మ మాటలు సగానికి తగ్గేవి, తిట్లు పూర్తిగా పోయేవి.

"ఏం చేసేదని అడుగుతున్నాడు నానమ్మా, మీ చిట్టెమ్మ."

"కోతలయ్యాక గంట కొట్టేది. గంట పడకుండా ఎవరూ పొలంలో దిగకూడదు. మొదటి గంటకి ముసలోళ్ళు, కుంటోళ్ళు, బాలింతలు. వాళ్ళు కాస్త ఏరుకున్నాక రెండో గంట, అప్పుడు మేం పిల్లలం, గట్టిగా ఉన్నోళ్ళం. లేకపోతే మేమే పరిగెత్తి అంతా ఊడ్చేసేవాళ్ళం కదా. గంట కొట్టే మనిషిని పరిగె ఏరే ఆడోళ్ళే ఎంచుకునేవాళ్ళు."

ఇది చెప్తుంటే హ్యారీ చెంచా కింద పెట్టాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఒకప్పుడు గోధుమ కోతలయ్యాక ఇలాగే చర్చి గంట కొట్టేవాళ్ళట. కొట్టేది చర్చి మనిషి కాదు, ఏరుకునే ఆడవాళ్ళు ఎంచుకున్న ఆడమనిషి. ముందు ముసలివాళ్ళు, తరవాత మిగతావాళ్ళు. ఇంతా చెప్పి, ఆ పాత గంట ఇప్పుడు తమ ఊళ్ళో లేదన్నాడు. కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని ఏదో దూరదేశపు మిషనుకి ఇచ్చేశారట. ఏ దేశమో ఎవరికీ తెలియదు. ఆయన ఏళ్ళ తరబడి వెతుకుతున్నది దాన్నే.

"అడుగు కెజియా, ఒకే పక్క ఎందుకు కొడుతుంది?"

అడిగాను. నానమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఆ గంటకి ఒక చెంపే పలుకుతుందయ్యా. రెండో చెంప మీద పెదవి విరిగి ఉంటుంది. అటు కొడితే పగిలిన బిందెలా ఉంటుంది. అందుకే గంటని ఊపకూడదు. నాలుకకి తాడు కట్టి ఒక పక్కకే లాగాలి. చిట్టెమ్మ నేర్పింది నాకు."

నేను ఇంగ్లీషులో చెప్పడం పూర్తి కాకముందే హ్యారీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇటు తిరిగేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. అది పలావు వల్ల కాదని నేను ప్రమాణం చేయలేను. వాళ్ళ ఊరి ముసలివాళ్ళు, మొండి మనిషిని చూస్తే, "మన పాత గంటలాంటోడు, ఒక చెంపనే పలుకుతాడు" అంటారట. గంట పోయినా మాట మిగిలింది. బండి మీంచి పడి దాని పెదవి విరిగిందట. విరిగిన గంటని మనకి దానం చేసి, కొత్తది వాళ్ళు కొనుక్కున్నారు. దానధర్మాల్లో అదొక పద్ధతి.

నాన్న వెంటనే ఆనందరావు గారికి ఫోన్ చేశాడు. ఆయన ఓపిగ్గా విని, "సామెతలు సాక్ష్యం కావు ప్రకాశం గారూ. పాత సామాన్ల వాడు వచ్చే వారం వస్తున్నాడు," అన్నాడు. ఇంట్లో అందరం దిగాలుపడ్డాం. అప్పుడు మమ్మల్ని కదిలించింది గంగన్న. జగిత్యాల దగ్గరి మనిషి, కంపెనీ వ్యాన్ డ్రైవరు, ముఐథర్‌లో ఆరుగురితో ఒక గదిలో ఉండేవాడు. హ్యారీని తీసుకెళ్ళడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"గిండ్ల ఇంత పంచాది ఎందుకు సార్? గంట ఆడనే ఉన్నది గదా? కొట్టి సూడుండ్రి. మోగితె మోగె, మోగకుంటె ఖలాస్."

చదువుకున్న మాకెవరికీ ఇది తోచలేదు. గంగన్న కూడా దాన్ని గొప్ప ఆలోచన అనుకోలేదు. "నా బండి ఏసీ ఆన్ ఉన్నది, యల్లా," అని హ్యారీని తొందరపెట్టాడు.

తర్వాతి శుక్రవారం ప్రార్థన అయ్యాక, మలయాళం వాళ్ళకి హాలు అప్పగించి, మేమంతా పార్కింగులో గంగన్న వ్యాన్ చుట్టూ చేరాం. బానెట్ మీద తువ్వాలు పరిచి, దాని మీద నాన్న ఫోన్ పెట్టాడు. ఎండకి ఫోను కరిగిపోతుందేమోనని ఆనందరావు గారు సేఫ్టీ సూచన చేశాడు. రావడానికి మాత్రం వచ్చాడు, పెద్దమనిషి. ఊళ్ళో మా ఏసుబాబు చిన్నాన్న ఒక చేత్తో ఫోనూ ఇంకో చేత్తో తాడూ పట్టుకుని గంట కింద నిలబడ్డాడు.

ముందు మామూలుగా ఊపాడు. ఫోన్లోంచి పగిలిన బిందె శబ్దం వచ్చింది. అసలు జరిగిన పొరపాటు అదే. ఆనందరావు గారి నాన్న తన హయాంలో గంటకి గౌరవం పెంచుదామని, నాలుకకి కట్టిన పాత తాడు విప్పించి, గంటనే ఊపే ఇనప చట్రం పెట్టించాడు. ఆ రోజు నుంచి అది పగిలిన గంట అయింది. అంతకుముందు అది సగం బాగున్న గంట.

"విన్నారుగా," అన్నాడు ఆనందరావు గారు.

నానమ్మ ఫోను మీదకి వంగింది. "బాబూ, ఊపకురా. నాలుకకి తాడు కట్టు. కట్టావా? కాలవ వైపు లాగు. బడి వైపు కాదు, కాలవ వైపు. గబగబా కాదు. ముసలోళ్ళు నడిచినట్టు కొట్టు."

ఆయ్ అన్నాడు చిన్నాన్న. కాసేపు తాడు గీరుకున్న చప్పుడు. తరవాత గంట పలికింది.

వర్ణించను. వర్ణిస్తే పాడవుతుంది. పార్కింగులో నవ్వుతున్న వాళ్ళు నవ్వడం ఆపారని చెప్తే చాలు. రెండోసారి, మూడోసారి. మధ్యలో ముసలి అడుగంత వ్యవధి. హ్యారీ తల వంచుకుని బానెట్ మీద చెయ్యి వేశాడు, బానెట్ కాలినా తీయలేదు. గంట మోత విని సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు. "ఫోన్ హై భాయ్, ఖాళీ ఫోన్," అని గంగన్న అతన్ని పక్కకి తీసుకెళ్ళాడు.

అప్పుడు చిన్నాన్న గొంతు మారింది. "అమ్మా... ముసలోళ్ళు బయటికొస్తన్నారే."

"ఎవర్రా?"

"అందరూనే. ఆ వీధిలోంచి ముగ్గురు, కాలవ అవతల నుంచి ఇద్దరు... కొంగులు దోపుకుని వస్తన్నారు. అమ్మో, పెద్దింటి రత్నమ్మ గారు కూడా అరుగు దిగారు."

ఆనందరావు గారు ఫోను దగ్గరికి జరిగాడు. రత్నమ్మ గారు ఆయన తల్లి. ఫోన్లో ఆవిడ గొంతు దూరం నుంచి దగ్గరికి వచ్చింది. "ఎవర్రా మొదటి గంట కొట్టింది? ఎవరి చేను కోశారు?"

"ఎవరిదీ కాదండి, ఊరికే కొట్టాను," అన్నాడు చిన్నాన్న.

"ఊరికే కొట్టేదేంట్రా! చిట్టెమ్మ గంట ఊరికే కొడతారా?"

ఆ పేరు ఆవిడకి ఎవరూ అందించలేదు. నానమ్మ వ్యాన్ తలుపు పట్టుకుంది.

"అమ్మా, నేను ఆనందాన్ని," అన్నాడు ఆనందరావు గారు, చిన్నపిల్లాడిలా. "గంట తాతగారిదని నువ్వే చెప్పావు కదే?"

"గంట కొన్నదెవరని అడిగావు. మీ నాన్న ఏం చెప్పమనేవాడో అది చెప్పాను. కొట్టిందెవరని ఎప్పుడన్నా అడిగావా? మీ ఇంటికి కోడలిగా రాకముందు నేనూ పరిగె ఏరినదాన్నేరా. గట్టు మీద ఎండలో నిలబెట్టేది చిట్టెమ్మ, రెండో గంట దాకా కాలు కదపనిచ్చేది కాదు. ఇన్నాళ్ళకి మొదటి గంట మా వంతు వచ్చింది. చేను లేదంటే ఎలాగరా?"

పార్కింగులో ముందు నవ్వింది నానమ్మ. తరవాత అందరూ. ఆనందరావు గారు కర్చీఫుతో మొహం తుడుచుకుని, "ఎండ ఎక్కువగా ఉంది, అందరూ నీళ్ళు తాగండి," అన్నాడు. ఓటమిని అంత సురక్షితంగా ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ రాత్రి కంచం ఎంత గట్టిగా మోగిందంటే, ఈజిప్టు వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ సొట్ట పడింది అప్పుడే. చేప తల మాత్రం అతిథులకి పోయింది.

ప్రపంచ కప్పు వచ్చింది, వెళ్ళింది. నాన్న గొట్టాలు ఒక్కటీ కారలేదు, అది పత్రికల్లో రాలేదు. కొత్త చర్చి ముందు పాత గంటే వేలాడుతోంది, నాలుకకి తాడుతో. కింద రాతి మీద ఏం చెక్కించాలని ఆనందరావు గారే అడిగాడు. ఫలానా వారి భార్య అనా, ఫలానా వారి తల్లి అనా? "పరిగె గంట కొట్టిన చిట్టెమ్మ. అంతే," అంది నానమ్మ. ఇప్పుడాయన ప్రతి సభలోనూ ఈ కథ తనే కనిపెట్టినట్టు చెప్తాడు. నాన్నకి ఒళ్ళు మండుతుంది. "చెప్పనీరా. రాతి మీద పేరెవరిది?" అంటుంది నానమ్మ. హ్యారీ రిటైరై తన ఊరు వెళ్ళిపోయాడు. గంట రికార్డింగు అక్కడి చర్చిలో వినిపించాడట. వాళ్ళ ముసలమ్మలు కూడా లేచారా అని అడిగాను. "లేచారు, టీ కోసం," అన్నాడు.

ఈమధ్య కోతల సమయంలో ఊరెళ్ళాను. ఇప్పుడు కోసేది మిషను, అది ఒక్క వెన్ను కూడా వదలదు. కానీ చర్చి వెనక ఆనందరావు గారి చేలో, గట్టు పక్కన కొంత మేర కోయకుండా ఉంచి, కొడవళ్ళతో కోసి, వెన్నులు రాలనిచ్చారు. ఆనందరావు గారి ఆజ్ఞ అని ఊళ్ళో అంటారు. ఆ మూల మిషను తిరగదని ఊళ్ళో చేను చూసుకునే ఆయన తమ్ముడుగారు అంటారు. రెండూ నిజమే అయి ఉండొచ్చు. ముసలివాళ్ళంతా కలిసి మా పిన్నిని గంట కొట్టడానికి ఎంచుకున్నారు. పిన్ని తాడు కాలవ వైపు లాగింది. నిదానంగా, ముసలి అడుగులా. నానమ్మ కొంగు నడుముకి దోపుకుని, రత్నమ్మ గారి చెయ్యి పట్టుకుని చేలోకి దిగింది. నేనూ ఒక కాలు ముందుకేశాను. "ఏయ్," అంది నానమ్మ, వెనక్కి తిరగకుండానే.

కాలు వెనక్కి తీసుకున్నాను. నాకింకా కాళ్ళున్నాయి. గట్టు మీద, ఎండలో, రెండో గంట కోసం నిలబడ్డాను.